వలసపాలనలో నౌకాసంస్థల పోటీ – ప్రభుత్వ విధానం: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

సముద్ర వ్యాపారంలో నౌకాసంస్థల పోటీకి హద్దులు నిర్ణయించవలసినది ప్రభుత్వమే. బ్రిటిషు ప్రభుత్వం భారతదేశంలో ‘స్వేచ్ఛా వాణిజ్యం’ పేరిట ఈ విషయంలో తటస్థంగా ఉండిపోయిందన్న అభిప్రాయం ఒకటి ఉంది. ఆ తటస్థత బలమైన పక్షానికి తోడ్పడిన విధానమేనని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నౌకావ్యాపారం, వాయిదా రాయితీ, స్వదేశీ, సింధియా, తీరవ్యాపారం, విశాఖపట్నం.

1. ప్రవేశిక

1856లో కలకత్తా – రంగూన్ టపా ఒప్పందం అండతో ఏర్పడిన సంస్థ 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ (బి.ఐ.) అయింది. టపా రవాణాకు ప్రభుత్వం చెల్లించే సొమ్ము దానికి స్థిరమైన ఆదాయం. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుండి బతుకుతెరువు కోసం రంగూన్‌కు వెళ్ళిన తెలుగు కూలీలను ప్రధానంగా చేరవేసినవి ఈ ఓడలే. కాబట్టి నౌకాసంస్థల పోటీ వర్తకుల లాభనష్టాలకే పరిమితమైన విషయం కాదు. ఓడలో పైతట్టు మీద ప్రయాణించిన పేదవాని ఛార్జీకి కూడా దానితో సంబంధముంది.

2. వాయిదా రాయితీ

1875లో కలకత్తా వ్యాపారంలో బ్రిటిషు నౌకాసంస్థలు ఒక కూటమిగా ఏర్పడి రేట్లను ఉమ్మడిగా నిర్ణయించుకున్నాయి. అనంతరం ‘డిఫర్డ్ రిబేట్’ అనే వాయిదా రాయితీ వచ్చింది. వర్తకుడు నిర్ణీత కాలం పాటు కూటమి ఓడలలోనే సరుకు పంపితే, కిరాయిలో కొంత భాగం అతని పేర జమ అవుతుంది. అయితే మరి కొంతకాలం అదే నిష్ఠ చూపిన తరువాతనే అది చేతికి అందుతుంది. మధ్యలో ఒక్కసారి ఇతరుల ఓడలో సరుకు వేసినా ఆ సొమ్ము దక్కదు. కొత్త సంస్థ ఎంత తక్కువ కిరాయి చెప్పినా వర్తకుడు అటు వెళ్ళలేకపోవడానికి ఇదే కారణం.

బ్రిటన్‌లో 1906లో నియమితమైన రాయల్ కమిషన్ 1909లో నివేదిక సమర్పించింది. అందులో అధిక సంఖ్యాకులు ఈ పద్ధతిని నిషేధించనక్కరలేదని భావించారు. అమెరికా మాత్రం 1916 నాటి షిప్పింగ్ చట్టంతో దానిని నిషేధించి, పర్యవేక్షణకు ఒక బోర్డును నెలకొల్పింది. అంటే నియంత్రణ అసాధ్యమన్న వాదానికి ఆ కాలంలోనే సమాధానం ఉంది.

3. తూత్తుకుడి అనుభవం

1906లో వి.ఓ. చిదంబరం పిళ్ళై తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించి కొలంబోకు ఓడలు నడిపించారు. బి.ఐ. ఛార్జీలను విపరీతంగా తగ్గించింది. చివరికి ఉచిత ప్రయాణాన్ని కూడా ప్రకటించింది. 1908లో పిళ్ళై రాజద్రోహ నేరంపై అరెస్టై ద్వీపాంతర శిక్షకు గురయ్యారు. అప్పీలులో ఆ శిక్ష తగ్గింది. ఆ అభియోగానికి ఆధారం ఆయన ప్రసంగాలే గాని ఓడల వ్యాపారం కాదు. అయినా నాయకుడు లేని కంపెనీ 1911 నాటికి మూతపడింది. నష్టానికి ఓడలు నడిపి ప్రత్యర్థిని తొలగించే పద్ధతిని ప్రభుత్వం ‘పోటీ’గానే పరిగణించింది.

4. సింధియా – చట్టసభ

1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ ప్రభృతులు సింధియా కంపెనీని స్థాపించారు. రేట్ల యుద్ధం తరువాత 1923లో బి.ఐ.తో పదేళ్ళ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం సింధియా తీరవ్యాపారానికి, పరిమిత టన్నేజీకి కట్టుబడవలసి వచ్చింది. బి.ఐ. అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్ అదే కాలంలో భారత ప్రభుత్వ వ్యయ నియంత్రణ కమిటీకి అధ్యక్షుడు కావడం గమనార్హం.

తీరవ్యాపారాన్ని భారతీయ నౌకలకు ప్రత్యేకించాలని 1924లో ఇండియన్ మర్కంటైల్ మెరైన్ కమిటీ సిఫారసు చేసింది. 1928లో ఎస్.ఎన్. హాజీ ఆ ఉద్దేశంతో కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టారు. 1930లో గాంధీజీ వైస్రాయి ముందుంచిన 11 అంశాలలో ఇదీ ఒకటి. అయినా బిల్లు చట్టం కాలేదు. పైగా 1935 భారత ప్రభుత్వ చట్టం బ్రిటిషు నౌకలపట్ల వివక్ష చూపే శాసనాలను నిరోధించింది. అంతవరకు జోక్యం తగదన్న ప్రభుత్వమే ఒక పక్షానికి రాజ్యాంగ రక్షణ కల్పించింది.

5. స్వాతంత్ర్యం తరువాత

1941లో సింధియా విశాఖపట్నంలో నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేసింది. అక్కడ నిర్మించిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారు. 1949లో డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఏర్పడింది. 1950లో తీరవ్యాపారం భారతీయ నౌకలకు ప్రత్యేకితమైంది. పాతికేళ్ళ నాటి సిఫారసు అమలుకు కావలసినది ఆర్థిక సామర్థ్యం కన్నా రాజ్యాధికారమేనని దీనివల్ల తెలుస్తున్నది.

ముగింపు

పై ఘట్టాలన్నింటిలోనూ ప్రభుత్వం ఏదో ఒక రూపంలో ఉన్నదే. టపా ఒప్పందంలో అది పోషకుడు. రేట్ల యుద్ధంలో ప్రేక్షకుడు. 1935 చట్టంలో రక్షకుడు. కనుక ‘జోక్యం ఉన్నదా, లేదా’ అన్న ప్రశ్న కంటే ‘ఎవరి పక్షాన’ అన్న ప్రశ్న చరిత్రకారునికి ఎక్కువ ఉపయోగకరం. కూలీల ప్రయాణఛార్జీల కోణం నుండి తెలుగు రేవుల చరిత్రను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు మరింత స్పష్టమైన సమాధానం లభిస్తుంది.