అంగారక నౌకకు రెండు కొలతలు

పెద్ద యంత్రమునకు కావలసిన ప్రోగ్రామును ఒక సంస్థ కోరుట, వేరొక సంస్థ వ్రాసి యిచ్చుట నేడు సర్వసాధారణము. ఇట్టి యేర్పాటులో చిక్కు ఎచ్చట పొంచియుండునో తెలిపిన ఉదంతమొకటి 1999లో జరిగినది.

అంగారకుని వాతావరణమును పరిశీలించుటకై అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా, 1998 డిసెంబరు 11న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌకను పంపెను. దానిని నిర్మించినది కొలరాడోలోని లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీ. దానికి దారి లెక్కించువారు కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వారు.

నౌకను నిలకడగా నుంచుటకు లోపల తిరుగు చక్రములుండెను. సౌరఫలకము ఒక ప్రక్కనే యుండుటచే సూర్యరశ్మి యొత్తిడి నౌకను త్రిప్పజూచును. దాని నరికట్టుటలో చక్రముల వేగము పెరుగును. ఆ వేగమును తగ్గించుటకు చిన్న రాకెట్లను తరచు మండింపవలసి వచ్చెను. మండించినప్పుడెల్ల దారి రవంత తొలగును. ఆ త్రోపుడు ఎంతయో కంపెనీ వ్రాసిన ప్రోగ్రాము లెక్కగట్టి ఫైలుగా అందించును. అంకెలు న్యూటన్-సెకండ్లలో నుండవలెనని నియమపత్రములో నుండెను. ప్రోగ్రాము మాత్రము పౌను-సెకండ్లలో నిచ్చెను! ఒక పౌను బలమనగా సుమారు 4.45 న్యూటన్లు. జవాబు ప్రక్కన ప్రమాణము వ్రాయనిచో మార్కు తగ్గించు ఉపాధ్యాయుని తప్పుపట్టరాదు.

ఇట్టి పొరపాటు ఎవరికైనను జరుగవచ్చును. తొమ్మిది నెలలు అది దొరకకపోవుటయే వింత. తొలి నాలుగు నెలలు ఫైళ్ళ రూపము సరిగా లేనందున, కంపెనీవారు ఈ-మెయిలులో పంపిన వివరములతోనే పని నడిచెను. ఏప్రిల్‌లో ఫైళ్ళు చక్కబడిన కొలది దినములకే లెక్క కుదురుటలేదని దారి చూచువారికి తోచెను. ఆ సంగతి ఈ-మెయిళ్ళలో వ్రాసికొనిరే గాని, లోపములను నమోదు చేయు పద్ధతిలో నమోదు చేయలేదు. నమోదు కాని సందేహమునకు జవాబుదారి యెవరు? ఆ ప్రోగ్రామును మొదటినుండి తుదివరకు పరీక్షించుటయు జరుగలేదు. గ్రహమును సమీపించుచుండగా, అయిదవసారి దారి దిద్దు విషయమును చర్చించియు విడిచిరి.

సెప్టెంబరు 23న నౌక, అనుకొనిన దానికి 49 సెకండ్లు ముందుగనే అంగారకుని చాటునకు పోయెను. మరల పలుకలేదు. 226 కిలోమీటర్ల యెత్తున పోవలసినది 57 కిలోమీటర్లకు దిగెనని తరువాత లెక్కతేలెను. 80 కిలోమీటర్లకు దిగువన అది నిలువజాలదు.

నవంబరులో వెలువడిన విచారణ నివేదిక కొలతల పొరపాటుతోపాటు, రెండు పక్షముల నడుమ సమాచారము సరిగా నడువకుండుటను, పరీక్షల కొరతను గూడ కారణములుగా చూపెను. కంపెనీతో సంబంధము మాత్రము తెగలేదు. 2005లో బయలుదేరి 2006 మార్చిలో అంగారకుని కక్ష్యను చేరిన మార్స్ రికానసెన్స్ ఆర్బిటరును నిర్మించినదియు లాక్‌హీడ్ మార్టినే. దారి చూపినదియు ఆ లేబొరేటరీయే.