కంటికంటే ముందు రక్తం చెబుతుంది
(స్త్రీల కార్యక్రమంలో ప్రసంగం)



పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. మా చిన్నతనంలో తాడేపల్లిగూడెంలోగాని, కొల్లేటి లంకల్లోగాని ఎవరికైనా కళ్లు పచ్చబడితే చాలు, తీసుకెళ్లి పసరు పోయించేవారు. కొందరు చేతికి వాత పెట్టించేవారు. నూనె, కారం మాన్పించి మజ్జిగన్నంతో పథ్యం పెట్టేవారు. కొన్ని వారాలకి చాలామంది లేచి తిరిగేవారు, పసరుకి పేరొచ్చేది. కొందరు మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాత పొట్టలో నీరు చేరి పోయేవారు. అది వేరే జబ్బనుకునేవాళ్లం. ఈ చిక్కుముడి విప్పింది రక్తపరీక్ష. ఆ కథే ఈ పూట చెబుదామనుకుంటున్నాను.

1955-56 చలికాలంలో ఢిల్లీలో మురుగునీరు యమునలో కలిసి, మంచినీటి కుళాయిల్లోకి వచ్చేసింది. సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చాయి. గర్భిణులకే ఎక్కువ ప్రాణాపాయం కలిగింది. ఏ క్రిమివల్ల వచ్చిందో చెప్పే పరీక్ష అప్పుడు లేదు. అయినా రోగుల రక్తంలోంచి తీసిన సీరం కొంత దాచి ఉంచారు. పాతికేళ్ల తర్వాత, 1980లో, దాన్ని పరీక్షించి చూస్తే అది ‘ఎ’ రకమూ కాదు, ‘బి’ రకమూ కాదని తేలింది. దాన్నే ఇప్పుడు హెపటైటిస్ ‘ఇ’ అంటున్నారు.

‘బి’ రకం సంగతి మరీ చిత్రం. అమెరికాలో డాక్టర్ బరూచ్ బ్లంబర్గ్ అసలు కామెర్ల కోసం వెతకనే లేదు. వివిధ జాతుల రక్తంలో తేడాలు చూస్తుంటే, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కొత్త పదార్థం కనిపించింది. ఆస్ట్రేలియా యాంటిజెన్ అనే పేరుతో 1965లో ఆ సంగతి ప్రకటించారు. 1967లో ఆయన ప్రయోగశాలలో పనిచేసే బార్బరా వెర్నర్ అనే ఆమెకి ఒంట్లో నలతగా ఉండి, తన రక్తాన్ని తనే పరీక్షించుకుంది. మర్నాడు చూస్తే సన్నని గీత! కళ్లు పచ్చబడింది ఆ తర్వాతే. ఆ పరీక్షతో జబ్బు తెలిసిన మొదటి మనిషి ఆమే. పూర్తిగా కోలుకుంది కూడా. బ్లంబర్గ్‌కి 1976లో నోబెల్ బహుమతి వచ్చింది.

‘సి’ రకాన్ని 1989లో కనుగొన్నారు. మన దేశంలో బ్లడ్ బ్యాంకుల్లో దానికి పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. అంతకుముందు రక్తం ఎక్కించుకున్నవారు ఒక్కసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇప్పుడు పసరు రహస్యం చూడండి. ‘ఎ’, ‘ఇ’ రకాలు నీళ్లద్వారా, తిండిద్వారా వస్తాయి. చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయి. పసరు పోసినా తగ్గుతాయి, పోయకపోయినా తగ్గుతాయి! ‘బి’, ‘సి’ అలా కాదు. రక్తంనుంచి, సూదులనుంచి, తల్లినుంచి బిడ్డకి వస్తాయి. ‘బి’ అయితే దాంపత్యంలో కూడా అంటుతుంది. కళ్లు పచ్చబడకుండానే ఏళ్ల తరబడి కాలేయంలో కూర్చుంటాయి. ఆ పొట్టలో నీరు చేరిన వాళ్లలో ఎందరిది ఈ జబ్బో!

ఢిల్లీకి యమున ఎలాగో మనకి కొల్లేరు అలాగ. ఊళ్ల మురుగు అందులోకి చేరుతూనే ఉంది. కనక నీళ్లు కాచి తాగడం మన చేతిలో పని. ‘బి’కి టీకా ఉంది. ఒకప్పుడు విదేశాలనుంచి వచ్చేది, సామాన్యులకి అందేది కాదు. 1997లో హైదరాబాదులో వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ తక్కువ ధరకి తయారుచేసింది. 2011నుంచి దేశమంతటా పిల్లలకి ఉచితంగా వేస్తున్నారు.

ముఖ్యంగా కడుపుతో ఉన్న అమ్మాయికి ఈ పరీక్ష మరవకండి. పుట్టినప్పుడే ‘బి’ సోకిన బిడ్డల్లో పదిమందిలో తొమ్మిదిమందికి అది ఉండిపోతుంది. పుట్టిన 24 గంటల్లోపు టీకా పడితే చాలావరకు తప్పించవచ్చు. సీమంతానికి గాజులు ఏరేటప్పుడే, “రక్తపరీక్ష అయిందా తల్లీ?” అని కూడా అడుగుదాం. కళ్లు పచ్చబడేదాకా ఆగొద్దు.