కుర్సుఫ్: మదీనా ఆడవాళ్ల దూది

తారీఖ్ పుస్తకాల్లో జంగులుంటాయి, బాద్షాల పేర్లుంటాయి. ఆ కాలపు ఆడవాళ్లు నెలనెలా వచ్చే ఆ నాలుగైదు రోజులు ఎట్లా గడిపారన్న సవాల్‌కు జవాబ్ దొరకడం కష్టం. రాసినవాళ్లు చాలావరకు మగవాళ్లు. చెప్పాల్సిన ఆడవాళ్లకేమో షరం. ఏడో శతాబ్దపు మదీనా సంగతి వేరు. అక్కడి ఆడవాళ్లు నోరు విప్పి అడిగారు. ఆ సవాళ్లూ జవాబులూ ఇప్పటికీ మన దగ్గర ఉన్నాయి.

నమాజు ఎప్పుడు ఆపాలి, గుసుల్ ఎప్పుడు చేయాలి అనే మసలా తేలాలంటే హైజ్ గురించి మాట్లాడక తప్పదు. ఆ మాటలు రివాయత్‌లుగా నిలిచాయి. ఇమామ్ బుఖారీ (మరణం 870) తన హదీసుల సంకలనంలో దీనికోసం 'కితాబుల్ హైజ్' అని విడిగా ఒక భాగమే పెట్టారు. దీన్ కోసం చదివే ఆ పుటల్ని తారీఖ్ కోసం కూడా చదవొచ్చు.

వాళ్లు వాడింది దూది. అరబ్బీలో కుర్సుఫ్. హమ్నా బిన్తె జహష్ (రజి)కి రక్తస్రావం విపరీతంగా అయ్యేది. ప్రవక్త (స) దగ్గరికి వెళ్లి చెప్పుకున్నారు. దూది పెట్టుకోమన్నారాయన. దూదికి ఆగేది కాదన్నారామె. అయితే గుడ్డ బిగించి కట్టుకోమన్నారు. ఈ సంభాషణ అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉంది.

కొందరికి ఆ రోజుల కోసం వేరే బట్టలుండేవి. ఉమ్మె సలమా (రజి) ప్రవక్తతో ఒకే దుప్పటి కింద పడుకుని ఉండగా హైజ్ మొదలైంది. మెల్లగా జారుకుని ఆ బట్టలు కట్టుకుని వచ్చారు. ఆయన సంగతి గ్రహించి, మళ్లీ అదే దుప్పటిలోకి పిలిచారు. అందరికీ రెండో బట్ట ఉండేది కాదు. ఉన్న ఒక్క బట్టకే మరక అంటితే ఉమ్మితో తడిపి గోటితో గీకేవాళ్లమని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఎండిన మరకను ముందు గీకి, నీళ్లతో నలిపి, కడిగేస్తే అదే బట్టతో నమాజు చదువుకోవచ్చన్నది ప్రవక్త ఒకామెకు ఇచ్చిన జవాబ్. గుసుల్ తర్వాత కస్తూరి అద్దిన పీలికతో శుభ్రం చేసుకునే రివాజూ ఉండేది.

హైజ్ అయిపోయిందని తెలిసేదెట్లా? దూదిని చిన్న డబ్బీలో పెట్టి హజ్రత్ ఆయిషాకు పంపేవారు. దాని మీద పసుపు ఛాయ ఉంటే, తెల్లగా కనపడేదాకా తొందరపడొద్దని ఆమె కబురు చేసేవారు. కొందరు అర్ధరాత్రి చిరాగ్ తెప్పించుకుని మరీ చూసుకునేవారట. జైద్ బిన్ సాబిత్ (రజి) కూతురు అది విని, మునుపటి ఆడవాళ్లు ఇంత చేసేవాళ్లు కాదని తప్పు పట్టారు.

ఆ రోజుల్లో నమాజు మాఫీ. రోజా తర్వాత ఖజా చేసుకోవాలి. మనిషి మాత్రం అంటరానిది కాదు. మస్జిద్‌లోని చాప అందించమంటే, హైజ్‌లో ఉన్నానని హజ్రత్ ఆయిషా సందేహించారు. అది నీ చేతిలో లేదుగా అన్నారు ప్రవక్త. ఆమె ఒడిలో తల పెట్టుకుని ఆయన ఖురాన్ పఠించేవారు కూడా.

ఇక మన ఇళ్లకు వద్దాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మౌలానా అష్రఫ్ అలీ థానవీ రాసిన 'బహిష్తీ జేవర్' హైజ్ మసలాలను ఉర్దూలో విడమరిచి చెప్పింది. దాన్ని నిఖా అయిన అమ్మాయికి తోఫాగా ఇచ్చేవారు. అంటే హైజ్ వచ్చిన ఎన్నో ఏళ్లకు! అప్పటిదాకా అమ్మ చేతిలో పెట్టిన పాత చీర ముక్క, "ఎవరికీ చెప్పకు" అన్న మాట, అంతే ఇల్మ్. మగవాళ్ల కంట పడకూడదని ఆ గుడ్డను వెలుతురు రాని గుసుల్‌ఖానాలో, ఇంకో బట్ట కింద ఆరేస్తారు. సరిగా ఆరని గుడ్డతో ఇన్ఫెక్షన్ల భయం. రంజాన్‌లో రోజా లేని రోజు కూడా సహెరీకి లేచి, పగలు వంటింటి తలుపు చాటున నీళ్లు తాగే ఆడపిల్లలు ఎంతమందో.

ఇదంతా గడిచిన కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-24 ఏళ్ల ఆడపిల్లల్లో దాదాపు సగం మంది గుడ్డ వాడుతున్నారు. కొందరు ప్యాడ్ కూడా వాడతారు, అది వేరే మాట. గుడ్డ వాడటంలో ఐబేమీ లేదు. సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేసి, పొడిగా దాచుకుంటే చాలు. కానీ ఆ మాట చెప్పేవాళ్లుండాలి, ఎండలో ఆరేయనిచ్చే ఇల్లుండాలి.

మదీనా స్థానికులైన అన్సార్ ఆడవాళ్లను హజ్రత్ ఆయిషా మెచ్చుకున్నారు. తెలుసుకోవడానికి వాళ్లకు హయా అడ్డు రాలేదని. మన ఇళ్లలో హయా పేరుతో పిల్ల నోరు మూయించే ముందు ఆ తారీఫ్ ఒకసారి గుర్తు చేసుకుందాం. కూతురు అడిగితే "చుప్" అనకుండా కూర్చోబెట్టి చెబుదాం.