కరువు సీమలో వాటర్‌ప్రూఫ్ కెమెరా

2009 మే నెల. అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన మా బావ, కర్నూల్లో మా పెద్దనాయన చేతిలో ఒక చిన్న కెమెరా పెట్టి "ఇది నీళ్ళల్లో పడినా ఏం కాదు మామా, మూడు మీటర్ల లోతులో కూడా పనిచేస్తుంది" అన్నాడు. పెద్దనాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "మూడు మీటర్ల నీళ్ళు యాడుండాయి అల్లుడూ మనకాడ? బోరు నాలుగు వందల అడుగులేసినా దుమ్మే లేస్తాంది" అన్నాడు. ఇల్లంతా ఒకటే నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఎందుకంటే ఆ ముందు ఏడాదే ఒక బోనస్ మొత్తం పోసి ఎంట్రీ లెవెల్ డీఎస్సెల్లార్ కొనుక్కున్నాను. ఆ రోజుల్లో హైదరాబాదులో, బెంగుళూరులో మన ఐటీ వాళ్ళలో సగం మందికి పట్టిన పిచ్చే నాకూ పట్టింది.

ఈ రెండు రకాల్లో ఏది మంచిది అని సెకండ్ హాండ్‌లో కొనేవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. నా జవాబు చెప్పాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి. ఓపిక పట్టండి.

ఇప్పటి కెమెరాకి నీళ్ళంటే భయం. కానీ ఒకప్పటి కెమెరా నీళ్ళు లేనిదే కదిలేది కాదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఇంగ్లీషాయన వెట్ ప్లేట్ పద్ధతి బయటపెట్టాడు. గాజు పలక మీద కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, అది తడిగా ఉండగానే ఫోటో తీసి, తడి ఆరకముందే డెవలప్ చేసి కడగాలి. మొత్తం పదీ పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. అంటే కెమెరాతో పాటు ఒక చీకటి గుడారం, మందు సీసాలు, గాజు పలకలు, కూలీలు, కడుక్కోడానికి శుభ్రమైన నీళ్ళు, ఇవన్నీ వెంట ఉండాలి. పైగా ఎండ ఎక్కువైతే పలక తొందరగా ఆరిపోతుంది, దుమ్ము పడితే మచ్చలు. ఏడాదికి ఇంచుమించు 700 మిల్లీమీటర్ల వాన పడే కర్నూలు, కడప జిల్లాల్లో ఇదెంత కష్టమో ఊహించుకోండి.

ఇది గుర్తుంచుకుంటే 1876-78 నాటి కరువు ఫోటోలు వేరేగా కనిపిస్తాయి. మన పెద్దవాళ్ళు ధాత కరువు అన్నది దీన్నే. మద్రాసు ప్రెసిడెన్సీలో అది బాగా దెబ్బకొట్టిన జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్ళారి ఉన్నాయి. 1871 జనాభా లెక్కలకీ 1881 లెక్కలకీ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ కరువు బొమ్మలుగా లోకానికి తెలిసినవి ఎక్కువగా విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి తీసినవి. ఎముకల గూళ్ళలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన గ్రూప్ ఫోటోలు. వాటిని చూసి, సాయం చెయ్యకుండా ఫోటోలు తీసుకున్నాడని ఆయన్ని తిట్టినవాళ్ళున్నారు. తర్వాత 1886లో బర్మాలో, మరణశిక్ష అమలవుతున్న క్షణాన్ని ఫోటో తియ్యబోయి ఇంకా పెద్ద గొడవలో ఇరుక్కున్నాడు కూడా.

ఆయన మంచీ చెడ్డా అటుంచితే, నాకు తట్టేది ఇంకొకటి. ఆ కాలపు కెమెరా మనిషి దగ్గరికి పోలేదు, మనిషే దాని ముందుకొచ్చి కదలకుండా నిలబడాలి. ఊరు ఖాళీ చేసి రాత్రికి రాత్రి దారిపట్టిన కుటుంబం, ఎండిపోయిన చెరువు గట్టు మీద ఆగిపోయిన బండి, ఇలాంటివి ఆ కెమెరాకి అందేవి కావు. అంత పెద్ద కరువులో మనకి మిగిలినవి కదలలేని మనుషుల బొమ్మలు. నడిచి వెళ్ళిపోయినవాళ్ళ బొమ్మలు కావు.

తర్వాత డ్రై ప్లేట్ వచ్చింది, 1888లో కోడక్ వచ్చింది, కెమెరా చేతిలోకొచ్చింది. అక్కణ్ణుంచి రెండు దారులు. ఒకటి బాగా చూసే కెమెరా, ఎస్సెల్లార్ దారి. దాని డిజిటల్ రూపం సామాన్యుడికి అందింది 2003లో, కెనాన్ ఈఓఎస్ 300డీ వెయ్యి డాలర్ల లోపు వచ్చినప్పుడు. 2004లో నైకాన్ డీ70, 2006లో డీ40 వచ్చాయి. ఇక మనవాళ్ళ మెడల్లో నల్లపట్టీలు మామూలైపోయాయి.

రెండోది తట్టుకునే కెమెరా దారి. సముద్రాల కుస్తో బృందం కోసం తయారైన కాలిప్సో 1960లో అమ్మకానికొచ్చింది, దాన్నే నైకాన్ తీసుకుని 1963 నుంచి నైకోనోస్‌గా అమ్మింది. నాకు మరీ నచ్చింది జపాన్‌లో 1980ల చివర్లో కోనికా చేసిన గెంబా కంతోకు. ఆ పేరుకి అర్థం సైటు సూపర్‌వైజరు అని! ఈతగాళ్ళ కోసం కాదు, కట్టుబడి పనుల్లో దుమ్ము, బురద, వాన తట్టుకోడానికి చేశారు. ఆ తర్వాత 2005లో పెంటాక్స్ ఆప్టియో డబ్ల్యూపీ, 2006లో ఒలింపస్ మ్యూ 720 ఎస్‌డబ్ల్యూ జేబులో పట్టేంత చిన్నగా వచ్చాయి. లెన్సు బయటికి పొడుచుకురాదు, లోపలే మలుపు తిరిగి ఉంటుంది. తెరుచుకునే కంతే లేకపోతే నీళ్ళైనా దుమ్మైనా యాడ దూరతాయి?

బావ తెచ్చిన డబ్బా మీద ఉన్న "వాటర్‌ప్రూఫ్" అన్న మాట చూసి నవ్వి మేం చేసిన తప్పు ఇదే. ఇప్పటి ఫోన్ల మీద ఐపీ68 అని రాస్తారు కదా, అందులో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. సీమలో రోజూ పనికొచ్చేది మొదటి అంకె.

రెండు కెమెరాలూ మా దగ్గర ఉండటం వల్ల ఆ వేసవిలో పోటీ పెట్టుకున్నాం. మొదట బెలుం గుహలు (ఇప్పుడు నంద్యాల జిల్లా). 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశాడు, 1982-83లో డేనియల్ గెబౌర్ బృందం లోపలికి దిగి కొలిచింది, 2002లో జనానికి తెరిచారు. పొడవు 3229 మీటర్లు. లోపల చీకటి, ఉక్కపోత. ఇక్కడ డీఎస్సెల్లార్‌దే గెలుపు, పోటీయే లేదు. దాని సెన్సార్ వైశాల్యం చిన్న కెమెరా సెన్సార్‌కి ఇంచుమించు 13 రెట్లు. ఐఎస్ఓ 1600 పెట్టినా రాతి పొరలు పొరలుగానే వచ్చాయి. చిన్నదాంట్లో అవే రాళ్ళు ఉప్మాలా వచ్చాయి.

తర్వాత గండికోట. మిట్టమధ్యాహ్నం పెన్నా లోయ అంచున నిలబడితే చిన్న కెమెరా తెర మీద ఏమీ కనపడదు, గుడ్డిగా నొక్కడమే. డీఎస్సెల్లార్‌కి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ ఉంది. ఇక్కడా అదే గెలిచేది, నేను గాలిలో లెన్సు మార్చకపోయుంటే. ఆ రోజు నుంచి నా ఫోటోల్లో ఆకాశం నిండా మచ్చలు. సర్వీసు సెంటర్లో శుభ్రం చేయించడానికి మూడు వారాలు పట్టింది, వచ్చాక ఇంకో రెండు మచ్చలు ఎక్కువున్నాయి. బేతంచెర్లలో బంధువుల నాపరాళ్ళ పాలిష్ యూనిట్ దగ్గరికి పోయినప్పుడు ఇక దాన్ని సంచిలోంచి తియ్యలేదు. పెద్దనాయన మాత్రం తెల్లటి రాతిపొడిలో తన కెమెరాతో తిరిగి, ఆఖర్న కొళాయి కింద పెట్టి చెంబు కడిగినట్టు కడిగేశాడు.

అప్పటికి నా లెక్క ప్రకారం స్కోరు డీఎస్సెల్లార్ వైపే ఉంది.

అక్టోబరు 2, 2009. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి కర్నూలు మీద పడ్డాయి. కింద శ్రీశైలం ప్రాజెక్టుకి, దాదాపు 19 లక్షల క్యూసెక్కులకి కట్టిన దానికి, 25 లక్షల దాకా వచ్చిందన్న వరద అది. కరువు సీమలో ముఖ్య పట్టణం నీళ్ళల్లో మునిగింది. పెద్దనాయనా పెద్దమ్మా పాత టౌన్లో మేడ మీదికెక్కి పక్కింటివాళ్ళతో కలిసి రెండు రాత్రులు గడిపారు. చొక్కా జేబులో కెమెరా ఉంది. ఛార్జి అయిపోయేదాకా 43 ఫోటోలు తీశాడు. వానలో, తడిచేత్తో తీసినవి. సగం వంకరగా ఉన్నాయి, కొన్నిట్లో వేలు అడ్డమొచ్చింది. కానీ నీళ్ళు కిటికీ చువ్వల్లో ఎన్నో చువ్వ దాకా వచ్చాయో, ఎదురింటి పిల్లల్ని ఏ గోడ మీంచి దాటించారో అన్నీ ఉన్నాయి.

నేను వారం తర్వాత పోయాను. నా డీఎస్సెల్లార్‌తో 300 ఫోటోలు తీశాను. ఆరిన బురద పగుళ్ళు, గోడ మీద నీటి గీత, వీధిలో పరుపుల కుప్పలు. చాలా మంచి ఫోటోలు. అన్నీ అయిపోయాక తీసినవి.

ఇంట్లో అసలు నష్టం ఆల్బంలు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులు చాలావరకు గుడారాల్లో నడిచాయని చదువుకున్నాం కదా. అలాంటి ఒక గుడారం ముందు మా జేజినాయన నిలబడి తీయించుకున్న ఫోటో అద్దం కట్టి గోడకుండేది. ఆయనది ఇంట్లో ఉన్న ఫోటో అదొక్కటే. వరదకి అది అద్దానికి అతుక్కుపోయింది. నేనే తెలివిగా ఊడదియ్యబోయాను. ఫోటో పైపొర జిలాటిన్, తడిస్తే బంకలా అవుతుంది. ముఖం అద్దానికి ఉండిపోయింది, ఉత్త కాగితం నా చేతికొచ్చింది. అప్పుడు పెద్దమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఆ రాత్రి పెద్దనాయన కెమెరా కార్డు లాప్‌టాప్‌లో పెట్టి వెనక్కి వెనక్కి పోతుంటే, మే నెలలో కెమెరా నేర్చుకుంటూ ఆయన ఇంట్లో కనపడ్డదల్లా తీసినవి వచ్చాయి. ఫ్యాను, పెద్దమ్మ, ఉప్పుజాడీ, గోడ మీది జేజినాయన. అద్దం మీద ఫ్లాష్ పడి గుడారం ఉన్నచోట తెల్లటి మచ్చ ఉంది. ముఖం మాత్రం ఉంది. ఇప్పుడు మా అందరిళ్ళల్లో ఉన్నది ఆ ఫోటోనే, మచ్చతో సహా. నా దగ్గర అంత మంచి కెమెరా ఏడాదిగా ఉండి, ఒక్కరోజు కూడా ఆ గోడ వైపు తిప్పలేదు. సన్ రైజులు తీసుకుంటూ కూర్చున్నా.

అందుకే ఏది మంచిది అంటే నేను సెన్సార్ సైజు దగ్గర మొదలుపెట్టను. మన భాషలో చెప్పాలంటే డీఎస్సెల్లార్‌ది బెంచ్‌మార్కు, చిన్నదానిది అప్‌టైము. కొనేముందు బెంచ్‌మార్కు చూస్తాం, సర్వర్ పడిపోయిన రాత్రి అప్‌టైమే గుర్తొస్తుంది. గుహలకీ, పెళ్ళిళ్ళకీ డీఎస్సెల్లార్ కొనుక్కోండి, తప్పులేదు. అదొక్కటే మీ కెమెరా అయితే మాత్రం, ముఖ్యమైన రోజున అది సంచిలో ఉంటుంది.

ఇప్పుడు ఈ రెండు రకాల పనీ చాలావరకు ఫోను లాగేసుకుంది. మా పెద్దనాయన కెమెరా జేబులో ఉన్నట్టే అందరి జేబుల్లోనూ తడిసినా తట్టుకునేది ఒకటి ఉంది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోయాయి. జేబులో ఫోను మిగిలినా గోడ మీది ఫోటోలు మిగలవు. కాబట్టి ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక గంట పెట్టి, అద్దాల్లోంచి బయటికి తీసి, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుగులో అన్నిటినీ కాపీ తీసుకోండి. రెండు చోట్ల దాచండి. ఒకవేళ తడిస్తే ఊడబెరకొద్దు, ఎండబెట్టొద్దు. మంచినీళ్ళల్లో మునిగేట్టు ఉంచి, ఆలస్యం చెయ్యకుండా తెలిసినవాళ్ళకి చూపించండి.

పెద్దనాయన ఆ కెమెరాని ఇంకా పారెయ్యలేదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అమ్మేద్దామా అంటే "ఉండనీలేబ్బీ, మళ్ళీ నీళ్ళొస్తే" అంటాడు. ఇప్పుడు ఎవరమూ నవ్వం.