కోయిలకుంట్ల బీచ్

వైజాగ్‌లో పుట్టి పెరిగిన స్నేహితుడొకడు ఈ మధ్య మా వైపు వస్తానన్నాడు. ఫోన్‌లో అడిగినవి మూడే: చూడ్డానికి ఏమున్నాయి, ఉండటానికి ఎక్కడ, తినడానికి ఏం దొరుకుతుంది. వాళ్ల ఊరికి ఎవరు పోయినా ఈ మూడింటికీ జవాబు రెడీగా ఉంటుంది. ఆర్కే బీచ్, ఒడ్డు మీదికి ఎక్కించి మ్యూజియం చేసిన కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ. మాది కోయిలకుంట్ల (మా వాళ్ల నోట్లో ఇప్పటికీ కోవెలకుంట్ల). గీత గీసినట్టు తూర్పుకు పోయినా సముద్రం దాదాపు 200 కిలోమీటర్లు. "మీకు బీచ్ లేదు కదరా, మరి సాయంత్రాలు ఏం చేస్తారు?" అన్నాడు. అదే మాట మా అవ్వకు చెప్తే, "సముద్రమేందిరా, తాగే నీళ్లకే గతి ల్యాకపాయె" అని నవ్వింది.

నిజానికి మాకు బీచ్ లేదనడానికి వీల్లేదు. ఉండేది.

1872లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారు విలియం కింగ్ అనే అధికారి రాసిన పెద్ద నివేదిక ఒకటి అచ్చు వేశారు. కడప, కర్నూలు ప్రాంతాల రాళ్ల గురించి. కింగ్ ఇక్కడి రాతి పొరలకు ఇక్కడి ఊళ్ల పేర్లే పెట్టాడు. ఆ తర్వాతి వాళ్లు వాటిని కొంచెం సర్దారు గానీ పేర్లు నిలిచిపోయాయి. అడుగు నుంచి పైకి చదివితే ఆర్టీసీ బస్సు కండక్టరు స్టేజీలు పిలుస్తున్నట్టుంటుంది: బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. వీటిలో నార్జి, కోయిలకుంట్ల పొరలు సున్నపురాయి. లోతు తక్కువ సముద్రంలో నెమ్మదిగా పేరుకున్న బురద అది. వాటి మధ్యలో ఉన్న పాణ్యం రాయి మాత్రం ఇసుక, తీరపు ఇసుక. గట్టిపడి రాయైన ఆ ఇసుక మీద అలలు గీసిన మడతలు కొన్నిచోట్ల ఇప్పటికీ కనిపిస్తాయి. అంటే బీచే. కాకపోతే యాభై కోట్ల ఏళ్లకు పైబడిన బీచ్, చేపలు కూడా పుట్టని కాలంది. కోయిలకుంట్ల సున్నపురాయి అన్నది ఈరోజుకీ భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఉన్న పేరు. మా ఊరు ప్రపంచానికి తెలిసింది ఏమన్నా ఉందంటే ఆ సముద్రం పేరుతోనే అనుకుంటాను.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు ఇళ్లల్లో నేల మీద పరిచే నాపరాయి కూడా ఆ సముద్రం అడుగే. ఎండాకాలం మధ్యాహ్నాల్లో చాప కూడా వేసుకోకుండా దాని మీద పడుకుంటాం, చల్లగా ఉంటుందని.

సముద్రం పోయాక ఈ నేలకు వచ్చే మనిషికి కావలసినవి మారిపోయాయి. నీళ్లు, నీడ, వండిన ముద్ద, రాత్రికి తల దాచుకునే చోటు. ఈ నాలుగూ ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అన్నదే మా ప్రాంతపు టూరిజం చరిత్ర. ఆ మాట అప్పట్లో లేదు, అంతే.

ఈ చరిత్రలో మనకు దొరికే మొదటి మంచి రివ్యూయర్ ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మేలో మద్రాసు నుంచి పరివారంతో, పల్లకీ బోయీలతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారి పొడుగునా రాసిన సంగతులను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపుతూ వచ్చాడు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అన్న పుస్తకంగా వచ్చాయి. కడప దాటాక ఆయన మా వైపే వచ్చాడు, అహోబిలం, మహానంది చూసుకుంటూ శ్రీశైలం ఎక్కాడు. కోయిలకుంట్ల ఆయన దారికి కొంచెం పడమరగా ఉండిపోయింది. టూరిస్టు బస్సులకు ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ పుస్తకంలో భక్తి కోసం వెతికితే దొరుకుతుంది గానీ, నాకు నచ్చేది దాని లెక్కలు. ఊరికీ ఊరికీ ఎన్ని ఆమడలు, దారి రాతిదా ఇసుకదా, బసకు చోటుందా, అంగళ్లలో సామాన్లు దొరుకుతాయా, నీళ్లు ఎలాంటివి. ఈరోజు ఫోన్‌లో హోటల్ కింద జనం రాసేవన్నీ ఇవేగా. శ్రీశైలం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు కోపం కూడా వస్తుంది. కొండ అప్పట్లో కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేస్తున్నారు, వాళ్లకు కావలసిన సదుపాయం మాత్రం చేయడం లేదన్నది ఆ కోపం. పార్కింగ్ ఫీజు తీసుకుని టాయిలెట్‌కు తాళం వేసిన చోట మనకొచ్చే కోపమే అది.

కానీ వీరాస్వామి కళ్లతో మాత్రమే చూస్తే ఒకటి తప్పిపోతుంది. ఆయన ఒక ఊళ్లో 'బసకు వసతి ఉంది' అనుకున్నప్పుడు అది ఎవరి బసకు? పల్లకీ మోసిన బోయీలు ఏ అరుగు మీద పడుకున్నారు, ఏ బావి నీళ్లు తాగారు? ఆ కాలపు సత్రం అందరిదీ కాదు. చాలా సత్రాల్లో పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించేది బ్రాహ్మణులకు. మరికొందరికి వండని బియ్యం, పప్పు ఇచ్చి మీరే వండుకోండి అనేవాళ్లు. ఇంకొందరికి గడప దగ్గరే ఆగిపోవడం. పుణ్యం కోసం కట్టించిన సత్రంలో పుణ్యం కట్టించినవాడికి వస్తుంది, అందుకే అతిథి ఎవరో కూడా వాడే తేల్చుకుంటాడు. అహోబిలం, మహానంది, శ్రీశైలంలో ఈరోజుకీ సత్రాల బోర్డుల మీద కులాల పేర్లు చదువుకుంటూ నడవొచ్చు. భోజనం బాగుంటుంది, గదులు శుభ్రంగా ఉంటాయి, అద్దె తక్కువ. రెండేళ్ల కింద స్నేహితులతో వెళ్లినప్పుడు ఒక సత్రంలో రిజిస్టరు రాసేవాడు పేరు కన్నా ముందు 'మీరేమిట్లు?' అన్నాడు. మేం ఐదుగురం ఐదు రకాలు. బయటికొచ్చి లాడ్జి వెతుక్కున్నాం.

కోయిలకుంట్లకు గుడి పేరు లేదు, కచేరీ పేరుంది. కంపెనీ వాళ్ల ట్రెజరీ ఇక్కడ ఉండేది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 జులైలో దాడి చేసింది దాని మీదనే. పాలెగాళ్ల అధికారం తీసేసి కంపెనీ చేతిలో పెట్టిన పెన్షన్ ఆయన వాటాకు నెలకు పదకొండు రూపాయల చిల్లర. దాని కోసం తాసీల్దారు గుమ్మంలో నిలబడాలి. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని కోయిలకుంట్లలోనే జనం చూస్తుండగా ఉరి తీశారు. తలను ముప్ఫై ఏళ్ల పాటు అలాగే వేలాడదీసి ఉంచారని మా వైపు చెప్తారు. వచ్చేపోయేవాళ్లకు చూపించడానికి కంపెనీ ఏర్పాటు చేసింది అదీ. 2019లో 'సైరా' సినిమా వచ్చాక కొన్నాళ్లు కార్లు వచ్చాయి. ఉరి తీసింది ఎక్కడ, సెల్ఫీ ఎక్కడ దిగాలి అని అడిగారు.

అదే ఉయ్యాలవాడ నుంచి ఇంకొక పేరు ఉంది, సినిమా రానిది. బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో ఆయన గంజి కేంద్రాలు పెట్టి వేల మందికి పోశాడు. విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం వచ్చింది, జనం పాట కట్టుకున్నారు. మా అవ్వకు నరసింహారెడ్డి కన్నా ఈయన దగ్గరివాడు. ఎందుకో ఆలోచిస్తే, ఆకలితో వచ్చిన మనిషి ఆ పూటకు అతిథే అని ఒప్పుకున్నవాడు కాబట్టి అనిపిస్తుంది. పదేళ్లకే, 1876-78లో, అంతకన్నా పెద్ద కరువొచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో కర్నూలు ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. ఈసారి గంజి సర్కారు చేతిలో ఉంది. సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కన్నా తక్కువ, దానికి బదులు ఎండలో రాళ్లు కొట్టాలి. జనం ఊళ్లొదిలి రోడ్లెక్కారు. ఈ రోడ్ల మీద అంతమంది ప్రయాణికులు అంతకుముందు నడిచి ఉండరు. వాళ్ల బసల గురించి రాసిపెట్టే వీరాస్వామి వాళ్లలో లేడు.

కాలువ సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాను. 1863 నుంచి మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువలో పడవలు కూడా నడవాలన్నది ఆలోచన. కంపెనీకి లాభం రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసుకుంది. పడవల కల తర్వాత ఎప్పుడో చచ్చిపోయింది. నూరేళ్లు దాటాక అవుకు రిజర్వాయరులో టూరిస్టు బోట్లు వచ్చినప్పుడు మా పిల్లలు దాన్నే 'మా బీచ్' అన్నారు. 2023 మేలో ఆ నీళ్లలో పర్యాటకుల పడవ బోల్తాపడి మనుషులు పోయారు. నీళ్లు అలవాటు లేని నేల మాది, ఈత వచ్చినవాళ్లు తక్కువ. ఇలాంటి చోట లైఫ్ జాకెట్‌ను సౌకర్యాల జాబితాలో వేయకూడదు. అది లేకుండా పడవ కదలకూడదు.

ఇక బెలుం. కొలిమిగుండ్ల మండలంలో, పైన చదును చేను, కింద గుహ. పొలంలో నిలబడితే మూడు గుంతలు తప్ప ఏమీ కనపడదు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో దీన్ని కాగితం మీదికి ఎక్కించాడు. ఆ తర్వాత నూరేళ్లు పట్టించుకున్నవాడు లేడు. 1982, 83లలో గెబావర్ అనే జర్మన్ బృందంతో వచ్చి, పాక్కుంటూ పోయి కొలిచాడు. మొత్తం 3,229 మీటర్లు. అప్పటికి ఊరివాళ్లకు ఆ గుంతలు చెత్త పారేసే చోటు. పర్యాటక శాఖ వచ్చి బురద ఎత్తి, దారి చేసి, లైట్లు పెట్టి, లోపలికి గాలి పంపే ఏర్పాటు చేసి 2002లో తెరిచింది. ఇప్పుడు ఒకటిన్నర కిలోమీటరు దాకా నడిచిపోవచ్చు. సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్లను తడితే మోగుతాయి. ఒకచోట మంచంలా, తలగడలా ఉన్న రాతిని చూపించి బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉండేవాళ్లని గైడు చెప్తాడు. అది నిజమైతే మా ప్రాంతపు మొదటి లాడ్జి అదే. రిజిస్టరు లేని లాడ్జి.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. గుహ అనగానే ఏసీలా చల్లగా ఉంటుందనుకుని వస్తారు. ఉండదు. ఉక్కపోత. చొక్కా తడిసిపోతుంది. వైజాగ్ వాడికి ఆ తేమ కొత్తేమీ కాదు, మాకే కొత్త.

ఆ గుహను తొలిచింది నీళ్లు, తొలవనిచ్చింది సున్నపురాయి. అదే రాయి కోసం చుట్టూ నాపరాతి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. రోడ్డు మీద టూరిస్టు బస్సు వెనకాల టిప్పరు, దాని వెనకాల ఇంకో టిప్పరు. క్వారీలో పనిచేసేవాళ్లకు కూలీ కావాలి, గుహ దగ్గర దుకాణం పెట్టుకున్నవాళ్లకు టూరిస్టులు కావాలి. తరచుగా ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. ఒకే సముద్రాన్ని ఒకరు అమ్ముతున్నారు, ఒకరు చూపిస్తున్నారు. ఎవరిది తప్పో ఊరికే తేల్చేసే ధైర్యం నాకు లేదు. మా ఇంటి నేల కూడా ఆ రాయే కదా. కానీ ఎక్కడిదాకా తవ్వొచ్చో గీత గీయాల్సినవాళ్లు గుహ టికెట్ డబ్బులు, రాతి మీద వచ్చే రాయల్టీ రెండూ అందుకునే ప్రభుత్వంలోనే ఉన్నారు.

మొత్తానికి స్నేహితుడు వచ్చాడు. నంద్యాల-ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో మొదలయ్యాక కోయిలకుంట్లకు కూడా స్టేషను ఉంది, కాబట్టి వీరాస్వామికి లేని సుఖం వాడికి దొరికింది. బస మా ఇంట్లోనే, నాపరాయి మీద. తిండి సంగటి, చెనిక్కాయల చట్నీ. మహానంది కోనేట్లో దిగి, గుండ్ల దాకా వచ్చే నీళ్లలో అడుగున పడ్డ రూపాయి బిళ్ల స్పష్టంగా కనిపిస్తుంటే చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత బెలుం. అన్నిటికన్నా కిందికి, 46 మీటర్ల లోతుకు దిగితే పాతాళగంగ ఉంటుంది. సన్నటి ధార, ఎప్పుడూ పారుతూ, కనిపించకుండా రాతిలోకి పోతుంది. బెలుం ఊళ్లోని బావిలో తేలుతుందని అక్కడివాళ్ల నమ్మకం.

వాడు వంగి చేతిని నీళ్లలో పెట్టి, వేలు నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పగా లేవేంది?" అన్నాడు, మా యాసలో.