కార్బన్ క్యాప్చర్, పవన విద్యుత్తు: తెలుగు రాష్ట్రాల అనుభవం

కార్బన్ క్యాప్చర్ అంటే ఫ్యాక్టరీల పొగలోని బొగ్గుపులుసు వాయువును గాలిలో కలవకముందే పట్టి, దాన్ని వాడుకోవడమో భూమి అడుగున దాచడమో. పవన విద్యుత్తుకు ఆ బాధ లేదు, అక్కడ పొగే పుట్టదు. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ఏ దారిలో పెట్టాలన్నది ప్రపంచమంతా నలుగుతున్న వాదన. హైదరాబాద్ అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల నోట్సుల్లో కూడా దీన్ని లాభాలు, నష్టాలంటూ రెండు వరుసలు చేసి రాస్తుంటారు. అయితే తెలుగు నేల మీద ఈ రెంటికీ స్వానుభవమే ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి గాలిమరలు 1990ల నాటివి, కాకినాడ కార్బన్ క్యాప్చర్ ప్లాంటు 2009 నాటిది.

హైదరాబాద్‌లోని సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతాలకు పొగ సమస్య ఒకప్పుడు కళ్లెదుటే ఉండేది. 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం పెట్టారు. అది 1983లో మూతపడింది, ఆ తర్వాత భవనాలనూ కూల్చేశారు. అదే 1983లో రామగుండంలో ఎన్టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రం తొలి యూనిట్ మొదలైంది. నగరం నడిబొడ్డున పొగగొట్టం పోయిందే తప్ప పొగ పోలేదు, గోదావరి ఒడ్డుకు మారిందంతే.

కాకినాడలో నాగార్జున ఫర్టిలైజర్స్ 2009లో నెలకొల్పిన ప్లాంటుది ఆసక్తికరమైన కథ. జపాన్‌కు చెందిన మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్, కాన్సాయ్ ఎలక్ట్రిక్ కంపెనీతో కలిసి తయారు చేసిన కేఎస్-1 అనే ద్రావణం ఇందులో వాడారు. అమ్మోనియా తయారీకి సహజవాయువును విడగొట్టే రిఫార్మర్ నుంచి వచ్చే పొగను చల్లార్చి ఒక పొడవాటి టవర్లోకి కింది నుంచి వదులుతారు. పైనుంచి జారే ద్రావణం అందులోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. ఇంకో టవర్లో ఆ ద్రావణాన్ని ఆవిరితో వేడిచేస్తే వాయువు విడిపోతుంది, ద్రావణం మళ్లీ మొదటి టవర్‌కు వెళుతుంది. రోజుకు 450 టన్నులు పట్టగల సామర్థ్యంతో దీన్ని కట్టారు. నడిపే ఖర్చులో పెద్ద వాటా ఆ ఆవిరిదే.

ఇంత హంగామా పర్యావరణం కోసం చేసింది కాదు. సహజవాయువుతో అమ్మోనియా తయారు చేస్తే, ఆ అమ్మోనియా మొత్తాన్నీ యూరియాగా మార్చడానికి చాలినంత బొగ్గుపులుసు వాయువు ప్రక్రియలో దొరకదు. ఆ లోటును పొగలోంచి పూడ్చుకున్నారు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 33 కిలోల బొగ్గుపులుసు వాయువు ఇమిడి ఉంటుంది. రైతు ఆ బస్తాను మడిలో చల్లాక, నేలలోని యూరియేజ్ అనే ఎంజైము కొద్ది రోజుల్లోనే దాన్ని విడగొట్టేస్తుంది. పట్టిన వాయువు గోదావరి డెల్టా పొలాల మీదుగా గాలిలోకే చేరుతుంది. ఎరువు వ్యాపారంగా చూస్తే ఇది తెలివైన పనే, వాతావరణం పద్దులో మాత్రం జమయ్యేది స్వల్పం.

ఇదే కుటుంబానికి చెందిన సాంకేతికతతో అమెరికాలోని టెక్సాస్‌లో పెట్రా నోవా ప్లాంటు 2017లో బొగ్గు పొగను పట్టడం మొదలుపెట్టింది. పట్టిన వాయువును పాత చమురు బావుల్లోకి పంపి మిగిలిన చమురును పైకి తోసేవారు. 2020లో చమురు ధర పడిపోగానే ప్లాంటు ఆగింది, తిరిగి 2023లో నడిచింది.

ఇక గాలి సంగతి. రాయలసీమ గుట్టల మీద తొలి ప్రయత్నాల తర్వాత చాలాకాలం కదలిక అంతంతమాత్రమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో పవన విద్యుత్ విధానం ప్రకటించాక ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు చుట్టుపక్కల మరలు వరస కట్టాయి. 2016-17లో దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ పవన సామర్థ్యాన్ని జోడించింది ఆంధ్రప్రదేశే. మొత్తం సామర్థ్యం 4,000 మెగావాట్లు దాటింది. తెలంగాణలో గాలి బలం తక్కువ, పరిగి వైపు ఉన్నవీ కలుపుకుని 130 మెగావాట్లకు మించలేదు.

ఆంధ్రలో యూనిట్‌కు రూ.4.84 చొప్పున పాతికేళ్ల ఒప్పందాలు కుదిరాయి. ఈలోగా 2017 డిసెంబరులో గుజరాత్ వేలంలో ధర రూ.2.43కు దిగింది. 2019 జూలైలో కొత్త ప్రభుత్వం పాత ఒప్పందాలను తిరగదోడుతూ జీవో 63 ఇచ్చింది. హైకోర్టు ఆ జీవోను కొట్టేసినా మధ్యంతరంగా రూ.2.43 చొప్పునే చెల్లించమంది. చివరికి 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పందం ధరే కట్టాలని తేల్చింది. గాలిమరలకు ఇక్కడ తగిలిన పెద్ద దెబ్బ సాంకేతిక లోపం వల్ల వచ్చింది కాదు, ఈ ధరల పేచీ వల్ల, డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) బకాయిల వల్ల వచ్చింది.

ఇప్పుడు లెక్క వేయవచ్చు. 2 మెగావాట్ల గాలిమర నాలుగో వంతు సామర్థ్యంతో తిరిగినా ఏడాదికి దాదాపు 44 లక్షల యూనిట్లు ఇస్తుంది. అంత కరెంటు బొగ్గుతో తీస్తే సుమారు 4,000 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కాకినాడ ప్లాంటు ఏడాది పొడవునా నిండుగా నడిచినా పట్టేది లక్షా 64 వేల టన్నులు, అంటే నలభై చిల్లర మరల పని. 2,600 మెగావాట్ల రామగుండం పొగనంతా పట్టాలంటే అలాంటి ప్లాంట్లు తొంభైకి అటూఇటూగా కావాలి. పైగా ఆవిరికీ కంప్రెసర్లకూ కేంద్రం తీసే కరెంటులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పోతుంది. ఆ లోటు తీర్చడానికి మళ్లీ బొగ్గే కాల్చాలి. కరెంటు వరకైతే గాలిదే పైచేయి అని చెప్పడానికి సంకోచించనక్కర్లేదు.

గాలికి ఉన్న చిక్కు వేరు. రాయలసీమలో అది నైరుతి రుతుపవనాలతో ఉధృతమై తర్వాత సద్దుమణుగుతుంది, మార్చి సాయంత్రాల్లో ఏసీలన్నీ తిరిగేవేళ అక్కరకు రాదు. అందుకే నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ చేపట్టింది. 2022 మేలో దానికి శంకుస్థాపన జరిగింది. మిగులు కరెంటుతో నీటిని ఎగువ రిజర్వాయర్‌కు ఎత్తి, అవసరమైన వేళ కిందికి వదలడమే అక్కడి పని. గాలిమరల ధరతో ఈ నిల్వ ఖర్చునూ కలిపి చూడాలి.

గాలి చేయలేని పని ఒకటుంది. తాండూరు, మేళ్లచెరువు, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువులో సగానికి పైగా ఇంధనానిది కాదు, సున్నపురాయిది. రాయిని కాలిస్తే దాని బరువులో 44 శాతం వాయువుగా పోతుంది. కొలిమిని పూర్తిగా గాలి కరెంటుతో వేడిచేసినా అది ఆగదు. కార్బన్ క్యాప్చర్‌కు నిజమైన చోటు ఇదే. పట్టినదాన్ని దాచడానికి రాతి పొరలు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్జీఆర్ఐ), ఎన్టీపీసీతో కలిసి 2000ల చివర్లోనే దక్కన్ బసాల్ట్ శిలలను ఈ దృష్టితో పరిశీలించింది. వికారాబాద్ చుట్టుపక్కల నల్లరాయీ ఆ కోవదే. ఐస్‌లాండ్‌లో 2012లో బసాల్ట్‌లోకి పంపిన వాయువులో అత్యధిక భాగం రెండేళ్లలోపే ఖనిజంగా గట్టిపడినట్టు కార్బ్‌ఫిక్స్ ప్రయోగం చూపింది.