సంకటకాలమున పుట్టిన నిధి

ప్రభుత్వాధినేత అపవాదములో చిక్కుకొన్న కాలమున వెలువడు వ్యయప్రతిపాదనలను ప్రజలు అనుమానముతో చూచుట సహజమే. ఆ అనుమానమును పరీక్షించుటకు, తెలుగువాడైన పి.వి. నరసింహారావు ప్రధానిగా నున్నప్పుడు పుట్టిన పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి పథకమును మించిన నిదర్శనము నాకు కనబడదు. చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గమున మొయినాబాదు మండలములోని సురంగల్ వంటి పల్లెలో ఈ నిధులతో కమ్యూనిటీ హాలు లేచినచో, పథకము పేరు, సభ్యుని పేరు, అయిన ఖర్చు చెక్కిన శిలాఫలకమును అచట నిలుపవలెనని నిబంధన గలదు. ఆ నిధి ఏ ఘడియలో పుట్టినదో మాత్రము ఆ ఫలకము చెప్పదు.

1991 జూన్‌లో, సంఖ్యాబలము చాలని లోక్‌సభలో ప్రధానియైన పి.వి.కి తాను కోటి రూపాయలు ముట్టజెప్పితినని సెక్యూరిటీల కుంభకోణమున నిందితుడైన స్టాకు దళారి హర్షద్ మెహతా 1993 జూన్ 16న బొంబాయిలో విలేకరుల యెదుట ప్రకటించి, న్యాయస్థానమున ఎన్నడును రుజువు కాని ఆ ఆరోపణతో దేశమెల్ల అట్టుడుకునట్లు చేసెను. నెలన్నర తిరుగకముందే, జులై 28న, పి.వి. ప్రభుత్వముపై అవిశ్వాస తీర్మానము 251కి 265 ఓట్లతో వీగిపోయినది. ఆ ఓటింగున గట్టెక్కుటకై ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు సొమ్ము ముట్టినదన్న అభియోగముపై 2000లో దోషిగా నిర్ణయింపబడిన పి.వి.ని 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టినది. సెక్యూరిటీల కుంభకోణముపై సంయుక్త పార్లమెంటరీ సంఘపు నివేదిక 1993 డిసెంబరు 21న సభల ముందుకు వచ్చినది. రెండు దినములు గడచినవో లేదో, 23న ప్రధాని ఈ పథకమును ప్రకటించెను. ఆ సంవత్సరమునకు ఒక్కొక్క సభ్యునికి అయిదు లక్షలు, మరుసటి ఏటి నుండి కోటి రూపాయలు.

ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి, ఇది వట్టి తాయిలమని తీర్పు చెప్పుట తొందరపాటు. ఊరివారు బోరు వేయింపుమని అడిగినప్పుడు చేతిలో పైసా లేని సభ్యుని ఇబ్బంది నిజమైనది; నిధి ప్రతిపక్షమునకును సమానముగానే అందినది; సభ్యుడు సిఫారసు చేయుటయే గాని మంజూరు కలెక్టరుదే. అయినను, ఒక్కొక్క ఓటును లెక్కించుకొనుచున్న ప్రధానికి, సభ నిలిచియుండుట తమకును లాభమేయని సకల పక్షముల సభ్యులకు తోపించు ఉపాయము ఎంత అక్కరకు వచ్చునో ఆయనకు తెలియదని నేను నమ్మజాలను. అదే నెలాఖరున జనతాదళ్ నుండి చీలిన అజిత్ సింగ్ వర్గము కాంగ్రెసులో విలీనమగుటతో ఆ పక్షమునకు ఆధిక్యము సమకూరి సంకటము తొలగినది. పథకము మాత్రము తొలగలేదు.

తొలగకపోవుటయే గాక, 1998-99లో రెండు కోట్లకును, 2011-12లో అయిదు కోట్లకును పెరిగినది. 1993లో ప్రతిపక్ష సభ్యుడుగా రాజ్యసభలో నుండిన ఎస్. జైపాల్ రెడ్డి, 2009లో చేవెళ్లకు తొలి లోక్‌సభ సభ్యుడై, ఆ రెండవ హెచ్చింపు నాటికి కేంద్రమంత్రిగా నుండెను. 2002లో రాజ్యాంగ సమీక్షా కమిషను, 2007లో పరిపాలనా సంస్కరణల కమిషను దీనిని రద్దుచేయుమని సలహా యిచ్చినను ఏ పక్షపు ప్రభుత్వమును చెవిని బెట్టలేదు. 2010లో సుప్రీంకోర్టు దీని రాజ్యాంగబద్ధతను సమర్థించినది. ఇక రద్దుచేయవలసినది పార్లమెంటే; తమ చేతికి అందు నిధిని సభ్యులు తామే రద్దుచేసికొనవలసిన సభ అది. కోవిడ్ మహమ్మారి నాడు 2020 ఏప్రిలులో, రెండు సంవత్సరములకు 7,900 కోట్లు మిగులునని చెప్పి పథకమును నిలిపివేసిన ప్రభుత్వము, ఆ గడువు తీరకమునుపే 2021 నవంబరులో దానిని పునరుద్ధరించి, ఆ ఏటికి సభ్యునికి రెండు కోట్లు, మరుసటి ఏటి నుండి యథాప్రకారము అయిదు కోట్లు ఇచ్చుటకు నిర్ణయించినది.